కొట్లో సర్వే: బరంపురం నుంచి జయపురం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, టీపొడి, నూనెలు, మసాలాలు అమ్మే కంపెనీల ప్రాంతీయ సిబ్బంది, వాటి డిస్ట్రిబ్యూటర్లు, సొంత బ్రాండు పెట్టుకున్న స్థానిక తయారీదారులు, వాళ్ల తరఫున ఫారాలు నింపడానికి వెళ్లే యువతీయువకుల కోసం ఈ పేజీ. దక్షిణ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల బజార్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. హైదరాబాదు మాల్ కోసం తయారైన ప్రశ్నపత్రం పట్టుకుని పర్లాకిమిడి కిరాణా కొట్టు ముందు నిలబడితే జవాబులకు లోటుండదు. వాటిలో నమ్మదగ్గవే తక్కువ. ఇక్కడ సరుకు చేతులు మారే తీరు వేరు, మాట వేరు, వారం తిరిగే లెక్క వేరు. సర్వేను వాటికి తగ్గట్టు కుదుర్చుకోవాలి.

కొట్లో సర్వే అంటే సరిగ్గా ఏమిటి?

ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. కొనుక్కుని బయటికి వచ్చినవాళ్లను ఆపి అడగడం ఒకటి. కొంటున్న చోటే, అరల దగ్గర, గమనించి అడగడం రెండోది. షావుకారును కూర్చోబెట్టి మాట్లాడడం మూడోది. మామూలు కొనుగోలుదారులా వెళ్లి, కొట్టువాడు ఏ బ్రాండు చేతికిస్తాడో చూసి రావడం నాలుగోది. సరుకు లెక్క తీయడం, అంటే ఆడిట్, అయిదోది.

ఆడిట్ లెక్క సులువు. మొదటి రోజు ఉన్న సరుకుకు మధ్యలో కొన్నది కలిపి, చివరి రోజు మిగిలింది తీసేస్తే అమ్మకం తేలుతుంది. మొదట 24 సబ్బులున్నాయి, మధ్యలో 48 కొన్నారు, చివర 30 ఉన్నాయనుకోండి. అమ్మింది 42. కొట్టువాడి నోటిమాట కంటే ఈ అంకె గట్టిది. కాకపోతే రెండుసార్లు వెళ్లాలి, మధ్యలో కొన్న చీటీలు చూడాలి.

ఎంత అమ్ముడవుతోంది అన్నదానికి ఆడిట్ జవాబిస్తుంది. ఎందుకు అన్నదానికి కొన్నవాళ్లే చెప్పాలి. ఈ రెండూ ఒకే ఫారంలో కలిపితే రెండూ పాడవుతాయి.

ప్రశ్నలు రాయడానికి ముందు ఏది తేల్చుకోవాలి?

ఫలితం వచ్చాక తీసుకోబోయే నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ‘పది రూపాయల కారం ప్యాకెట్టు గుణుపూర్‌లో దింపాలా, వద్దా’ అన్నది నిర్ణయం. ‘మార్కెట్ గురించి తెలుసుకోవాలి’ అన్నది కాదు. తర్వాత ఖాళీ పట్టికలు గీసి, ప్రతి గడిలో ఏ అంకె వస్తే ఏం చేస్తారో పక్కన రాసుకోండి. ఏ అంకె వచ్చినా మీరు చేసేది ఒకటే అయితే ఆ ప్రశ్న కొట్టేయండి. సాధారణంగా మొదటి చిత్తులో మూడో వంతు ప్రశ్నలు ఇక్కడే పోతాయి.

కిరాణా కొట్టుకూ సూపర్ మార్కెట్‌కూ ఒకే ప్రశ్నపత్రం సరిపోదా?

సరిపోదు. అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. సూపర్ మార్కెట్లో మనిషి అరల మధ్య తిరుగుతాడు, ప్యాకెట్టు తిప్పి చూస్తాడు, పెట్టేస్తాడు, ఇంకోటి తీస్తాడు. కిరాణాలో బల్ల ఇవతల నిలబడి అడుగుతాడు, అవతలి మనిషి తీసి ఇస్తాడు. ‘ఈ వస్తువు మీకు ఏ అరలో కనిపించింది’ అని కిరాణా గిరాకీని అడిగితే ఏదో ఒకటి చెబుతారు. ఆ జవాబుకు విలువ లేదు.

కిరాణా దగ్గర తెలుసుకోవాల్సినవి వేరు. పేరు పెట్టి అడిగారా, వస్తువు మాత్రమే అడిగారా? అడిగింది లేదంటే ఏం చేశారు: ఇచ్చింది తీసుకున్నారా, పక్క కొట్టుకు వెళ్లారా, మానేశారా? ధర చెప్పి అడిగారా? ‘అయిదు రూపాయల బిస్కెట్’, ‘రెండు రూపాయల షాంపూ’ అని అడిగేవాళ్లు ఎందరో తేలితే, బ్రాండు ఎంపిక షావుకారు చేతిలో ఎంత ఉందో అర్థమవుతుంది. అప్పుడు ప్రకటనకు ఖర్చుపెట్టాలా, షావుకారు మార్జిన్‌కు పెట్టాలా అన్నది తేలుతుంది.

అప్పు పద్దు ఉన్నవాళ్ల సంగతి ఇంకోటి. నెలకోసారి లెక్క చూసుకునే ఇంటివాళ్లు కొట్టు మారరు. వాళ్లకు ‘ఈ కొట్టుకే ఎందుకు వచ్చారు’ అన్న ప్రశ్న ఇబ్బందికరం, అందులోనూ షావుకారు వినేంత దూరంలో. ఆ ప్రశ్న తీసేయండి.

ఎంతమందిని అడగాలి?

శాతాల్లో చెప్పే ఒక అంకె అయిదు పాయింట్లు అటూఇటూగా, 95 శాతం నమ్మకంతో కావాలంటే 384 మంది. ఏడు పాయింట్ల తేడా ఫరవాలేదంటే 196. పది పాయింట్లయితే 96. పుస్తకాల్లో ఉండే ఈ లెక్క, జనాన్ని ఒక్కొక్కరిగా చీటీ తీసి ఎంచినప్పుడు వర్తిస్తుంది. మనం చేసేది కొట్లను ఎంచి, ఒక్కో కొట్టు దగ్గర కొంతమందిని అడగడం. ఒకే కొట్టుకు వచ్చేవాళ్లు ఒకే వీధివాళ్లు, ఒకే షావుకారు సలహా వినేవాళ్లు. ఇరవై మందిని అడిగినా ఇరవై వేర్వేరు అభిప్రాయాలు వచ్చినట్టు కాదు.

దీనికి దిద్దుబాటు ఉంది. కొట్టుకు ఎందరిని అడిగారో అందులోంచి ఒకటి తీసేసి, కొట్టులోపలి పోలిక గుణకంతో (ఒకే కొట్టుకు వచ్చేవాళ్ల జవాబులు ఎంతగా ఒకేలా ఉంటాయో చెప్పే అంకె) హెచ్చించి, ఒకటి కలపాలి. వచ్చినదానితో పై లెక్కను హెచ్చించాలి. ఆ గుణకం 0.05 అనుకుంటే, కొట్టుకు 20 మంది చొప్పున 1 + 19 × 0.05 = 1.95 వస్తుంది. అంటే 384 బదులు దాదాపు 750 మంది, 38 కొట్లు. కొట్టుకు పదిమందే అయితే 1.45. అప్పుడు 557 మంది చాలు, కానీ 56 కొట్లు తిరగాలి. రాయగడ కొండదారుల్లో ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు పోవడమే పెద్ద ఖర్చు కాబట్టి అక్కడ మొదటి పద్ధతి మేలు. బరంపురం పెద్ద బజారులాంటి చోట రెండోది.

పట్టణాల వారీగా విడి అంకెలు కావాలంటే, ఈ లెక్క ఒక్కో పట్టణానికి విడివిడిగా వేయాలి. మొత్తం 400 మందిని అడిగి, నాలుగు జిల్లాలకు నాలుగు అంకెలు ఇచ్చే నివేదికను నమ్మకండి.

ఎవర్ని ఆపాలి? మాట్లాడేలా కనిపించినవాళ్లను ఆపితే తప్పేంటి?

తప్పే. అలా ఎంచితే నవ్వు మొహం ఉన్నవాళ్లు, చదువుకున్నట్టు కనిపించేవాళ్లు, అడిగేవాళ్ల వయసువాళ్లే ఫారాల్లో నిండుతారు. ముందురోజు అదే వేళకు పదిహేను నిమిషాలు నిలబడి, కొనుక్కుని బయటికి వచ్చేవాళ్లను లెక్కపెట్టండి. రోజుకు 300 మంది వస్తారని తేలి, మీకు 30 ఫారాలు కావాలంటే పదిమందికొకరు. సగంమంది కాదంటారనుకుంటే అయిదుగురికొకరు. గడప దగ్గర నేల మీద ఒక గీత అనుకోండి. ఒకరితో మాట్లాడడం అయ్యాక మళ్లీ లెక్క మొదలుపెట్టి, గీత దాటిన అయిదో మనిషినే ఆపాలి. ఆయన ఎవరైనా సరే.

కాదన్నవాళ్లకూ ఒక వరస ఉండాలి: వేళ, ఆడా మగా, చూపుకు ఎంత వయసు. సాయంత్రం ఆరు తర్వాత కూలిపని నుంచి వచ్చే మగవాళ్లంతా కాదంటున్నారని ఆ కాగితమే చెబుతుంది. అది లేకపోతే మీ ఫలితాల్లో వాళ్లు లేరన్న సంగతి ఎవరికీ తెలియదు.

నిలబడే చోటు: బల్లకు అయిదారు అడుగుల అవతల, షావుకారుకు మాట వినిపించనంత దూరంలో, నీడలో. లోపలికి వెళ్తున్నవాళ్లను ఆపకండి. మీరు పేరెత్తిన బ్రాండును వాళ్లు లోపల అడుగుతారు, సర్వేయే అమ్మకాన్ని మార్చేస్తుంది.

పిల్లల్ని అడగకండి. చిన్న కొట్లలో అయిదు రూపాయల సరుకుకు వచ్చేవాళ్లలో పిల్లలు చాలామంది ఉంటారు. ‘పిల్లలు కొన్నారు’ అని వస్తువు మాత్రం గుర్తు పెట్టుకుని వదిలేయండి.

రోజూ వచ్చేవాళ్లు, నెలకోసారి వచ్చేవాళ్లు ఒకటేనా?

ఒకటి కాదు. చాలా నివేదికలు పట్టించుకోని విషయం ఇదే. రోజూ ఇరవై రూపాయల నూనెకు వచ్చే మనిషి మీ కంటపడే అవకాశం, నెలకోసారి సంచి నింపుకునే మనిషికంటే ముప్పై రెట్లు. ఫారాలు అలాగే లెక్కేస్తే ఊళ్లో అందరూ చిన్న ప్యాకెట్లే కొంటున్నట్టు కనిపిస్తుంది. ‘నెలలో ఈ కొట్టుకు ఎన్నిసార్లు వస్తారు’ అని ఒక ప్రశ్న తప్పకుండా పెట్టండి. ఇళ్ల లెక్క కావాలంటే ఒక్కో ఫారాన్ని ఒకటిగా లెక్కేయకుండా, ఒకటిని ఆ అంకెతో భాగిస్తే వచ్చేంత బరువు, అంటే లెక్కలో అంత వంతు, ఇవ్వాలి. బేరాల లెక్క కావాలంటే అలాగే ఉంచొచ్చు. ఏది లెక్కేశారో పట్టిక పైన రాయండి.

ఏ రోజుల్లో చేయాలి? ఎప్పుడు చేయకూడదు?

కనీసం ఒక పూర్తి వారం, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు వేళలూ. ఒక్క ఆదివారంతో వారమంతా చెప్పలేం. జీతగాళ్లున్న పేటల్లో నెల మొదటి వారం కొనుగోళ్లు, ఇరవయ్యో తారీఖు తర్వాతి కొనుగోళ్లు రెండు వేర్వేరు ఊళ్లవిలా ఉంటాయి. రెండు భాగాల్లోనూ ఫారాలు నింపాలి.

ఆ తర్వాత పంచాంగం. ఇక్కడ రెండు లెక్కలు నడుస్తాయి. తెలుగువాళ్లకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావాళ్లకు పున్నమితో. అందుకే కార్తీకం ఒడియా ఇళ్లలో కుమార పున్నమి (ఆశ్వయుజ పున్నమి) మర్నాటి నుంచే మొదలై కార్తీక పున్నమితో పూర్తవుతుంది. తెలుగిళ్లలో దీపావళి అమావాస్య తర్వాత మొదలై ఇంకో పదిహేను రోజులు సాగుతుంది. మాంసం, చేప, గుడ్డు మానేసే ఇళ్లు రెండు వైపులా ఉన్నాయి. మాంసం మసాలా గురించి సర్వే అయితే, ఒకే వీధిలో ఒక ఇంట మానేసి, పక్కింట మానకుండా ఉన్న పక్షం ఉంటుంది. ఆ ఫారాలతో ఏడాది అమ్మకం అంచనా వేయడం కుదరదు. మార్గశిర లక్ష్మివారాల పూజలకూ ఇదే పదిహేను రోజుల ఎడం ఉంటుంది. అప్పుడు నెయ్యి, బెల్లం, అగరొత్తులు, కొబ్బరికాయల కొనుగోలు పెరుగుతుంది.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్ర రోజుల్లో వచ్చేవాళ్లలో ఊరివాళ్లెవరో, బంధువులెవరో వేరుచేయలేం. సంక్రాంతికి, దసరాకు ముందు పదిరోజులూ అంతే. ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం కింద ఆడవాళ్ల ఖాతాల్లో ఏడాదికి రెండుసార్లు, రాఖీ పున్నమికీ మార్చి 8కీ, 5,000 రూపాయల చొప్పున వేస్తుంది. ఆ తర్వాతి వారాల్లో కొన్నదాన్ని మామూలు కొనుగోలుగా తీసుకోకూడదు. పత్తి, వరి డబ్బు చేతికొచ్చే చలికాలం, చేతిలో ఏమీ లేని ఆషాఢ శ్రావణాలు, ఈ రెంటినీ పోల్చే పని అయితే రెండుసార్లూ చేయండి. ఒక్కసారే చేసే సర్వేకు పండగలేని మామూలు నెల చాలు. ఫారం మీద తేదీతోపాటు తిథి, ఆ ఊరి సంతరోజు కూడా రాయించండి. విశ్లేషణ వేళ ఎంతో పనికొస్తుంది.

ఏ భాషలో అడగాలి?

ఆ మనిషి షావుకారుతో ఏ భాషలో బేరమాడాడో విని, అదే భాషలో పలకరించండి. తేలకపోతే ‘తెలుగా, ఒడియానా, ఏది సులువు?’ అని అడగండి. తెలుగులో మాట్లాడుతున్నారు కదా అని తెలుగు అక్షరాల కార్డు చేతికివ్వకండి. ఇక్కడి తెలుగిళ్ల పిల్లల్లో చాలామంది ఒడియా బడిలో చదివినవాళ్లు. తెలుగు ఇంటి మాట, చదివే లిపి ఒడియా. అందుకని చూపించే కార్డు మీద రాత తగ్గించి ప్యాకెట్ల బొమ్మలు పెట్టండి. రంగులు అసలు ప్యాకెట్టుకు సరిపోవాలి.

గజపతి కొండల్లో సవర, రాయగడలో కువి, కొరాపుట్ వైపు దేశియా మాట్లాడేవాళ్లు వస్తారు. ఆ మాట వచ్చిన మనిషి జట్టులో లేకపోతే ఆ ఫారం నింపకండి, ‘భాష కుదరలేదు’ అన్న వరసలో గుర్తు పెట్టండి. సైగలతో రాబట్టిన జవాబు అడిగినవాళ్ల ఊహే.

ప్రశ్నపత్రాన్ని ఒకరు ఒడియాలోకి మార్చాక, మొదటిది చూడని ఇంకొకరు దాన్ని తిరిగి తెలుగులోకి మార్చాలి. రెండు తెలుగులు కలవని చోటే ప్రశ్న చెడింది.

బ్రాండు పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. బట్టల పొడి ఏదైనా ‘సర్ఫ్’ అంటారు, పళ్ల పేస్టు ఏదైనా ‘కోల్గేట్’, వనస్పతి ఏదైనా ‘డాల్డా’. ‘సర్ఫ్ కొన్నారా?’ అంటే అవును అనే వస్తుంది. పేరు అడగకుండా ‘ఒకసారి ప్యాకెట్టు చూపిస్తారా అమ్మా?’ అనండి. చూసి రాసుకోండి.

ఎన్ని ప్రశ్నలు? వాటిని ఎలా రాయాలి?

కొట్టు బయట మూడు నుంచి అయిదు నిమిషాలు. అంటే పది, పన్నెండు ప్రశ్నలు. ఎండలో, చేతిలో సంచితో నిలబడ్డ మనిషి అంతకుమించి నిలవరు. నిలిచినా చివరి జవాబులు తొందరలో చెప్పినవే.

అభిప్రాయం కంటే చేసిన పని అడగండి. ‘ఈ సబ్బు మీకు ఎంత నచ్చింది, అయిదుకు ఎన్ని మార్కులు?’ అంటే, ఎదుటి మనిషిని నొప్పించడం ఇష్టంలేక ‘బాగుంది’ అంటారు. ‘ఇంతకుముందు వాడింది ఏది? ఈసారి ఎందుకు మార్చారు?’ అంటే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ‘కొత్తది వస్తే కొంటారా?’ అన్నదానికి వచ్చే అవునులను అమ్మకంగా లెక్కేసి సరుకు దింపినవాళ్లు గోదాములో మూటలు చూసుకోవాల్సి వస్తుంది. ‘నెలకు ఎన్ని కొంటారు’ అన్నది కూడా ఊహే. ‘దీనికి ముందు ఎప్పుడు కొన్నారు’ అనండి.

టీపొడి సర్వేకు ఒక వరస ఇలా ఉంటుంది:

1. ఇప్పుడు ఏమేం కొన్నారో సంచిలో చూపిస్తారా?
2. టీపొడి అడిగేటప్పుడు సరిగ్గా ఏమని అడిగారు? (ఆ మాటల్లోనే రాయాలి)
3. మీరు అడిగిందే ఇచ్చారా, ఇంకోటి ఇచ్చారా?
4. ఇంకోటయితే, షావుకారు ఏమన్నారు?
5. ఇదే టీపొడి దీనికి ముందు ఎప్పుడు కొన్నారు?
6. అంతకుముందు వాడింది ఏది? (బొమ్మల కార్డు)
7. ఈ టీ ఇంట్లో ఎవరు కాస్తారు, ఎవరెవరు తాగుతారు?
8. లూజు టీపొడి ఈ నెలలో కొన్నారా? ఎంత?
9. నెలలో ఈ కొట్టుకు ఎన్నిసార్లు వస్తారు? ఇంకెక్కడ కొంటారు?
10. ఇంట్లో ఉన్న వస్తువులు, చదువు (కింద చూడండి).

సంచి ముందు, వస్తువుల జాబితా చివర. ఆస్తిపాస్తుల ప్రశ్న ముందు పెడితే మనిషి బిగుసుకుపోతారు. బ్రాండుల జాబితా చదివే చోట వరస ప్రతి ఫారానికీ మారాలి, లేకపోతే మొదటి రెండు పేర్లకే ఓట్లు పడతాయి. పది, పదిహేను మందితో ముందు చేసి చూడండి. రెండుసార్లు చదివి వినిపించాల్సి వచ్చిన ప్రతి ప్రశ్నా మార్చాల్సిందే.

ఆదాయం అడగొచ్చా?

అడగొద్దు, చెప్పరు. భారతీయ మార్కెట్ పరిశోధనలో 2011లో వచ్చిన కుటుంబ వర్గీకరణ వాడండి. ఇంటికి ప్రధానంగా సంపాదించేవారి చదువు, పదకొండు వస్తువుల్లో ఇంట్లో ఎన్ని ఉన్నాయి అన్న రెండిటితో ఏ1 నుంచి ఈ3 దాకా పన్నెండు మెట్లు తేలతాయి. ఆ పదకొండు: కరెంటు, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ద్విచక్రవాహనం, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, సాగుభూమి.

ఇక్కడో చిక్కుంది. ‘సర్వే’ అనగానే రేషన్ కార్డు తీసేస్తారేమో, పథకంలోంచి పేరు కొట్టేస్తారేమో అనుకుంటారు. ఫ్రిజ్ ఉన్నా లేదంటారు. ‘మేం ప్రభుత్వంవాళ్లం కాదమ్మా, ఫలానా సబ్బు, టీపొడి కంపెనీల తరఫున అడుగుతున్నాం, మీ పేరు రాసుకోం’ అని ముందే చెప్పండి. ట్యాబ్ కంటే మెడలో గుర్తింపు కార్డు నమ్మకం కలిగిస్తుంది.

షావుకారు ఒప్పుకోకపోతే?

ఆయనకు మూడు భయాలు: జీఎస్టీవాళ్లేమో, పోటీ డిస్ట్రిబ్యూటరు మనిషేమో, గిరాకీ పాడవుతుందేమో. ముందురోజు, బేరాలు పల్చగా ఉండే మధ్యాహ్నం వేళ వెళ్లండి. కంపెనీ కాగితం, ఎన్ని గంటలుంటారో, ఏమడుగుతారో ఒక పేజీలో ఒడియాలో, తెలుగులో రాసి ఇవ్వండి. అమ్మకాల మొత్తం, అప్పు పద్దు, కొన్న ధర ఫొటో తీయబోమని నోటితో చెప్పండి, మాట నిలబెట్టుకోండి. బీట్ రోజున, అంటే ఆర్డర్ల కోసం సేల్స్‌మన్ ఆ కొట్లు తిరిగే రోజున, అతని వెంట వెళ్లకండి. అతని ఎదుట షావుకారు మార్జిన్ గురించి, వెనక్కి తీసుకోని పాడైన సరుకు గురించి నోరు విప్పరు.

సరుకు ఆడిట్లో ఏమేం రాయాలి?

వస్తువు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన నెల, అమ్ముతున్న ధర, కనిపించే చోట ఎన్ని, వెనక గదిలో ఎన్ని. మొదటి నాలుగూ ప్యాకెట్టు మీదే ఉంటాయి, ఊహించనక్కర్లేదు. బరువు తప్పకుండా రాయాలి. అదే పది రూపాయలకు గ్రాములు మారుతూ ఉంటాయి. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, బిస్కెట్ల జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అలాంటి మార్పు వచ్చాక పాత ఎంఆర్‌పీ సరుకు, కొత్త ఎంఆర్‌పీ సరుకు ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. రెంటినీ ఒకే వరసలో వేస్తే సగటు ధర అర్థంలేనిదవుతుంది.

‘లేదు’ అన్న గడిని మూడుగా చీల్చండి. ఎప్పుడూ పెట్టరు. పెడతారు గానీ ఈరోజు అయిపోయింది. ఉంది గానీ కనబడకుండా ఉంది. మొదటిది సేల్స్‌మన్ పని, రెండోది డిస్ట్రిబ్యూటరు పని, మూడోది అరకు సంబంధించిన పని. ఒక్క ‘లేదు’తో ఎవర్ని అడగాలో తెలియదు. వేలాడే షాంపూ దండల్లో చించిన ప్యాకెట్లను బట్టి లెక్కేయకండి, మిగిలినవి లెక్కపెట్టండి.

సరిహద్దు వల్ల లెక్కలు ఎక్కడ తప్పుతాయి?

పర్లాకిమిడి షావుకారుకు పాతపట్నం పక్కనే ఉంది, రాయగడ కొట్టుకు పార్వతీపురం రైలుదారిలో ఉంది, బరంపురం వైపు ఇచ్ఛాపురం ఉంది. హోల్‌సేల్ ధర అటు రూపాయి తక్కువైతే సరుకు అక్కడి నుంచి వస్తుంది. కంపెనీ పుస్తకాల్లో అది ఆంధ్ర అమ్మకం, తిన్నది ఒడిశా ఇల్లు. ఒడిశా డిస్ట్రిబ్యూటరు అమ్మకం పడిపోయిందని కేకలు వేసేముందు, షావుకారును ‘ఈ పెట్టె ఎక్కడ కొన్నారు’ అని అడగండి. ఆడిట్ ఫారంలో దానికో గడి ఉండాలి. ఊరిపేరు చాలు, వ్యాపారి పేరు అడగొద్దు. కొనుగోలుదారు ఏ ఊరివారో కూడా రాయండి. గడప ఒడిశాలో ఉన్నా కొన్నవాళ్లు అవతలి ఊరివాళ్లు కావచ్చు.

వారపు సంతలో చేయొచ్చా?

చేయొచ్చు, కానీ అది వేరే సర్వే. బిస్సంకటక్ దగ్గర చాటికోణలో బుధవారం సంతకు నియమగిరి కొండల నుంచి డోంగ్రియా కొంధులు అనే గిరిజనులు దిగి వస్తారు. ముందు తెచ్చిన పళ్లు, దుంపలు, పసుపు అమ్ముకుంటారు. చేతికి డబ్బు వచ్చాకే ఉప్పు, నూనె, సబ్బు, పొగాకు, బిస్కెట్లు కొంటారు. పొద్దున్నే వెళ్లి ‘ఏం కొన్నారు’ అంటే ఏమీ లేదనే వస్తుంది. అమ్మకం పూర్తయ్యాక అడగండి, అయిదు ప్రశ్నలకు మించకుండా. తిరుగుదారిలో జతగా నడవాల్సినవాళ్లు ఉంటారు, నిలబెట్టకండి. కొలత డబ్బాలతో అమ్మే లూజు సరుకుకు గ్రాములు అడగొద్దు. ఆ డబ్బాలో ఎంత పడుతుందో మీరే ఒకసారి తూచుకోండి. మనుషుల ఫొటోలు తీయకూడదు. సరుకు ఫొటో కావాలన్నా అమ్మేవాళ్లను అడిగాకే.

ఫోన్‌లోనా, కాగితం మీదా?

ఫోన్‌లో. ఫోన్‌లో ఫారాలు నింపడానికి వాడే కోబోటూల్‌బాక్స్, ఓడీకే కలెక్ట్ రెండూ సిగ్నల్ లేని చోట పనిచేస్తాయి, తర్వాత పంపుతాయి. ఒకే ఫారంలో తెలుగు, ఒడియా రెండూ పెట్టుకోవచ్చు. బయల్దేరేముందు ఫారం దింపుకున్నారో లేదో విమానం మోడ్‌లో తెరిచి చూడండి. సిమెంటు కప్పు కింద జీపీఎస్ దొరకదు, వీధిలోకి వచ్చి తీసుకోవాలి. పవర్ బ్యాంకుతోపాటు ఇరవై కాగితం ఫారాలు సంచిలో ఉంచుకోండి.

బిల్లు మీద క్యూఆర్ కోడ్ పెడితే సరిపోదా?

బిల్లే ఇవ్వని కొట్టులో కోడ్ ఎక్కడ పెడతారు? సూపర్ మార్కెట్లో పెట్టినా, కోపం వచ్చినవాళ్లు, కూపన్ కావాల్సినవాళ్లే నింపుతారు. ఫిర్యాదులు వినడానికి మంచిదే. శాతాలు తీయడానికి పనికిరాదు.

జవాబులకు బహుమతి ఇవ్వొచ్చా?

చివర్లో, ముందు చెప్పకుండా, సర్వేతో సంబంధంలేని చిన్న వస్తువు. పెన్ను, అగ్గిపెట్టెల కట్ట లాంటివి. మీ సబ్బే ఇస్తే తర్వాతి మనిషి మీ సబ్బే మంచిదంటారు.

కూర్చుని నింపిన దొంగ ఫారాలను ఎలా పట్టుకోవాలి?

పట్టణంలో ఒకరు రోజుకు 20 నుంచి 25 నిజమైన ఫారాలు చేయగలరు. రోజుకు 50 లక్ష్యం పెడితే మీరే దొంగ ఫారాలు అడిగినట్టు. మొదలైన, ముగిసిన వేళలు యాప్ రాసుకుంటుంది. పన్నెండు ప్రశ్నలు నిమిషంన్నరలో అయిపోతే, వరసగా పది ఫారాల మధ్య ఎడమే లేకపోతే, రాత్రి పదింటికి ఫారాలు మొదలైతే, పిలిచి మాట్లాడండి. సంచి ఫొటో, మొహం పడకుండా, అనుమతితో తీయమనండి. ఒకే సంచి రెండుసార్లు కనిపిస్తే తెలిసిపోతుంది. సూపర్‌వైజరు చెప్పకుండా వెళ్లి పదోవంతు పనిని పక్కన నిలబడి చూడాలి. కాదన్నవాళ్ల వరస ఖాళీగా ఉన్న జాబితా కూడా అనుమానించాల్సిందే. ఎవరూ కాదనని రోజు ఉండదు.

ఫోన్ నంబరు తీసుకోవచ్చా?

అవసరమైతేనే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, అమలు దశలవారీగా ఉంది. నంబరు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, ఆ పనికే వాడాలి, పని తీరాక చెరిపేయాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు, ఒడియా రెండూ అందులో ఉన్నాయి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల ఒప్పుకోలు తప్పనిసరి. నంబర్లను జవాబుల ఫైలులో కాకుండా వేరే ఫైలులో ఉంచండి. సర్వే నంబర్లకు తర్వాత ఆఫర్ మెసేజీలు పంపడం మోసమే. అలా ఒక్కసారి చేసినా ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ నిలబడి మాట్లాడరు.

అంకెలు వచ్చాక ఎలా చదవాలి?

ముందు బరువులు. కిరాణాల దగ్గర 200 మంది, సూపర్ మార్కెట్ల దగ్గర 200 మంది అనుకోండి. కొత్త సబ్బు వాడేవాళ్లు కిరాణాలో 20 శాతం, సూపర్ మార్కెట్లో 50 శాతం. రెండూ కలిపి 35 అని రాయడం తప్పు. ఆ ఊళ్లో కొనేవాళ్లలో నూటికి ఎనభై మంది కిరాణాకే వెళ్తుంటే అసలు అంకె 26.

తర్వాత తేడాలు. చెరో 200 ఫారాలతో ముందు, తర్వాత పోల్చినప్పుడు పది పాయింట్లలోపు తేడాను మార్పుగా చెప్పకూడదు. కొట్ల వారీగా అడిగిన సర్వేలో ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. ముప్పై మందికంటే తక్కువ ఉన్న గడిలో శాతం రాయకండి, ‘27 మందిలో 9 మంది’ అని రాయండి.

రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు, అంటే ఏమని అడిగారో వాళ్ల మాటల్లోనే రాసినవి, ఎవరో ఒకరు కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదవాలి. ‘ఎర్ర ప్యాకెట్టుది’, ‘ఏనుగు బొమ్మది’, ‘మొన్న ఇచ్చిందే’ అని జనం సరుకును ఎలా పిలుస్తారో అక్కడే ఉంటుంది. ప్యాకెట్టు రంగు మార్చాలనుకునే కంపెనీకి అంతకుమించిన సమాచారం ఏ పట్టికలోనూ దొరకదు.

షావుకార్లకు ఫలితాలు చెప్పాలా?

చెప్పాలి. ఎవరి కొట్టు అంకెలు వాళ్లకే, పక్క కొట్టువి కాదు. ఒక పేజీ చాలు: ఏ వేళ ఎంతమంది వచ్చారు, అడిగి దొరక్క వెళ్లిపోయిన వస్తువులు ఏవి, ఎన్నిసార్లు. సర్వే ముగిసిన నెలలోపు, చేతికే, ఆయన చదివే లిపిలో ఇవ్వండి. దొరకని వస్తువుల జాబితా పేజీలో అన్నిటికంటే పైన ఉండాలి.